ఇంట్లో గిటార్ రికార్డింగ్‌కు సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం: నా అనుభవం

గుంటూరులో మా చర్చి గాయక బృందం కోసం ఏటా క్రిస్మస్‌కు ఒకటో రెండో కొత్త పాటలు కడుతుంటాను. పాడేవాళ్లలో కొందరు తెనాలిలో ఉంటారు, కొందరు హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు. అందరూ ఒకచోట చేరేది పండుగకు కొద్ది రోజుల ముందే కాబట్టి పాట వరస, నడక, గిటార్ ముందుగానే వాళ్ల ఫోన్లకు చేరాలి. ఇన్నాళ్లూ ఫోన్ ఎదురుగా పెట్టుకుని వాయించి పంపేవాణ్ణి. ఒక గిటార్, ఒక గొంతు వరకు అది చాలు. వాటి మీద రెండో గిటార్ చేర్చాలన్నా, చరణంలో ఒక్క వరుసను మళ్లీ వాయించి అతికించాలన్నా ఫోన్ రికార్డర్ వల్ల కాదు. ఒక ట్రాక్ (విడిగా రికార్డు చేసిన శబ్దపు పొర) మీద ఇంకో ట్రాక్ పేర్చుకుంటూ పోయే సాఫ్ట్‌వేర్ కావాలి.

అలాంటివి చాలా ఉన్నాయి. ఆడాసిటీ, గ్యారేజ్‌బ్యాండ్, రీపర్, కేక్‌వాక్, వేవ్‌ఫార్మ్, బ్యాండ్‌ల్యాబ్, ఎఫ్‌ఎల్ స్టూడియో, ఏబుల్‌టన్ లైవ్. తెలిసినవాళ్లను అడిగితే ఎవరు వాడేది వాళ్లు గొప్పదంటారు. సదుపాయాల పట్టికలు పక్కపక్కన పెట్టుకుని చదివినా తేలదు, ఎందుకంటే వాటిలో సగం కొత్తగా మొదలుపెట్టేవాళ్ల అక్కరకు రావు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. తిశ్ర నడకలో, అంటే మూడేసి దెబ్బలుగా సాగే ఒకే పాట, ఒక పల్లవి, ఒక చరణం. దాన్నే ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ రికార్డు చేయాలి. ముందు కార్డులతో (కలిపి మీటే స్వరాల గుంపులతో) సాగే గిటార్, దాని మీద తీగలు విడివిడిగా మీటే రెండో గిటార్, ఆపైన గొంతు. చరణంలో మూడో వరుసను కావాలనే మళ్లీ వాయించి పాతదాని స్థానంలో పెట్టాలి. చివరకు ఎవరి ఫోన్‌లోనైనా వినిపించే ఫైలుగా బయటకు తీయాలి. ఇదంతా పాట మీది ధ్యాస చెదరకుండా ఎక్కడ సాగితే అదే నాకు సులువైన సాఫ్ట్‌వేర్.

సాఫ్ట్‌వేర్ కన్నా ముందు చూసుకోవలసింది గిటార్ శబ్దం కంప్యూటర్‌లోకి ఏ దారిన వెళ్తోందన్నది. నాది పికప్ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) ఉన్న అకౌస్టిక్ గిటార్. లోపల 9 వోల్టుల బ్యాటరీతో నడిచే, ఆ సంకేతాన్ని పెంచే ప్రీఆంప్ ఉంది. లాప్‌టాప్‌కు ఉండే చిన్న మైకు రంధ్రంలో గిటార్ కేబుల్ నేరుగా పెట్టే పని కాదు. ఎలక్ట్రిక్ గిటార్ అయితే అసలే కుదరదు. ఎలక్ట్రిక్ గిటార్ పికప్ నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనం. అది చెక్కుచెదరకుండా అందాలంటే దాన్ని తీసుకునే ఇన్‌పుట్ నిరోధం 10 లక్షల ఓములకు అటూ ఇటూగా ఉండాలి. మామూలు మైకు ఇన్‌పుట్‌లో అంత ఉండదు కాబట్టి పైస్థాయి నాదాలు నశించి శబ్దం మందంగా, దుప్పటి కప్పినట్టు వస్తుంది. అందుకే ఒక మైకూ ఒక గిటారూ పెట్టుకోగల చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే శబ్దాన్ని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు అందించే పెట్టె కొన్నాను. దాని మీద 'ఇన్‌స్ట్రుమెంట్' అని రాసి ఉన్న మీట నొక్కితే గిటార్‌కు తగిన ఇన్‌పుట్ అవుతుంది. ఫోకస్‌రైట్, బెరింగర్ లాంటి కంపెనీలవి మన దగ్గర సులభంగా దొరుకుతాయి. చిన్న ఇంటర్‌ఫేస్ చాలు. ఇంట్లో ఒక్కరే వాయించి రికార్డు చేసుకునేవాళ్లకు ఎనిమిది ఇన్‌పుట్ల పెట్టె డబ్బు దండుగ అని నా గట్టి అభిప్రాయం.

మొదట ఆడాసిటీ తెరిచాను. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టి, 2000లో విడుదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. 2021 నుంచి మ్యూజ్ గ్రూప్ చేతిలో ఉంది. పాత కంప్యూటర్ మీద కూడా చక్కగా నడుస్తుంది. తెరవగానే ఎర్ర బొత్తాం కనిపిస్తుంది, నొక్కితే రికార్డు అవుతుంది. కొత్తవాళ్లకు ఇంతకంటే తేలిక ఏముంటుందనిపించింది. మొదటి గిటార్ నిజంగానే అంత తేలిగ్గా ఎక్కింది. తాళం కోసం రిథమ్ ట్రాక్ అనే సదుపాయంతో దెబ్బల శబ్దం తయారుచేసుకుని దాని మీద వాయించాను.

చిక్కు రెండో గిటార్ దగ్గర వచ్చింది. మొదటి గిటార్ వింటూ సరిగ్గా తాళానికి వాయించినా, తిరిగి వింటే రెండోది కాస్త అటు జరిగి ఉంది. తకిట తకిట అని నడిచే పాటలో ఆ కాస్త తేడా కూడా చెవికి తెలిసిపోతుంది. ఇక్కడే నాకు లేటెన్సీ, అంటే శబ్దం కంప్యూటర్‌లోకి వచ్చి వెళ్లడంలో జరిగే ఆలస్యం అర్థమైంది. కంప్యూటర్ శబ్దాన్ని చుక్కచుక్కగా కాక దోసిళ్లతో తీసుకుంటుంది. ఆ దోసిలి పరిమాణాన్నే బఫర్ అంటారు. సెకనుకు 44,100 శాంపిళ్ల (శబ్దపు కొలతల) చొప్పున రికార్డు చేస్తున్నప్పుడు 128 శాంపిళ్ల బఫర్ అంటే సుమారు 2.9 మిల్లీ సెకన్లు. అదే 1,024 అయితే 23 మిల్లీ సెకన్లు. లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటకు వెళ్లేటప్పుడు ఒకసారి ఈ ఆలస్యం పడుతుంది. పైగా మధ్యలో ఉండే డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌తో కలిపే చిన్న సాఫ్ట్‌వేర్), శబ్దాన్ని అంకెలుగా మార్చే చిప్పు తమ వంతు కలుపుతాయి. గాలిలో శబ్దం ఒక మిల్లీ సెకనుకు 34 సెంటీమీటర్లు పోతుంది. అంటే 10 మిల్లీ సెకన్ల ఆలస్యం ఆంప్లిఫయర్‌కు మూడున్నర మీటర్ల దూరాన కూర్చున్నంత. దానికి చేయి అలవాటు పడుతుంది. 40, 50కి చేరిందా, తీగ మీటిన వేలికీ చెవికీ పొంతన ఉండదు.

ఎంత తేడా ఉందో ఊహించనక్కర్లేదు, కొలవవచ్చు. ఇంటర్‌ఫేస్ వెనక ఉన్న అవుట్‌పుట్ నుంచి ముందున్న ఇన్‌పుట్‌కు ఒక కేబుల్ పెట్టాను. లోపలికి వచ్చే శబ్దాన్ని నేరుగా బయటకు వినిపించే డైరెక్ట్ మానిటర్ మీట ఇంటర్‌ఫేస్ మీద ఉంటుంది, దాన్ని ఆపేశాను. లేకపోతే శబ్దం గుండ్రంగా తిరిగి కీచుమంటుంది. దెబ్బల ట్రాక్ ఒకటి వాయించనిస్తూ దాన్నే కొత్త ట్రాక్‌లోకి రికార్డు చేశాను. తరవాత తెర మీద ఒక్క దెబ్బను పెద్దది చేసి చూస్తే, పై ట్రాక్‌లో గీత లేచిన చోటికీ కింది ట్రాక్‌లో లేచిన చోటికీ మధ్య ఖాళీ స్పష్టంగా కనిపించింది. ఆ ఖాళీని మౌస్‌తో ఎంచుకుంటే అడుగున మిల్లీ సెకన్లలో అంకె వస్తుంది. ఆడాసిటీ సెట్టింగులలో లేటెన్సీ కాంపెన్సేషన్ అని ఒక గడి ఉంది. అందులో మొదట మైనస్ 130 మిల్లీ సెకన్లు అని ఉంటుంది. అది ఎవరి కంప్యూటర్‌కూ కొలిచి పెట్టింది కాదు, ఏదో ఒకటి ఉండాలని పెట్టినది. నేను కొలిచిన దాన్ని బట్టి దాన్ని సవరించి, మళ్లీ అదే పరీక్ష చేస్తే రెండు గీతలూ ఒకదాని కింద ఒకటి నిలిచాయి. రెండో గిటార్ మొదటిదాని మీద కూర్చుంది. ఏ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లయినా ఈ పరీక్ష ఒక్కసారి చేసుకుంటే, తమ వేళ్లను అనవసరంగా అనుమానించే బాధ తప్పుతుంది. 'నాకు తాళం నిలవడం లేదు' అని గిటార్ పక్కన పెట్టేసిన కుర్రవాళ్లను నేను ఎరుగుదును. వాళ్లలో కొందరి తాళం నిక్షేపంగా ఉంది.

ఆడాసిటీని వదలడానికి కారణం ఇది కాదు. నేను వాడిన వెర్షన్‌లో ఆసియో లేదు. స్టైన్‌బర్గ్ కంపెనీ తయారుచేసిన ఆసియో పద్ధతి డ్రైవర్లు విండోస్ మామూలు దారిని తప్పించి నేరుగా ఇంటర్‌ఫేస్‌తో మాట్లాడతాయి. ఆలస్యం బాగా తగ్గేది వాటితోనే. లైసెన్సు షరతుల వల్ల ఆడాసిటీలో దాన్ని ఇచ్చేవారు కాదు. ఇంకొకటి, వాయిస్తున్నప్పుడు ఎఫెక్ట్‌తో (ధ్వనిని మార్చే సదుపాయంతో) సహా వినడం అందులో కుదరదు. రికార్డు అయ్యాక ఎఫెక్ట్ వేసి వినవచ్చు. అకౌస్టిక్ గిటార్‌కు ఇది పెద్ద లోటు కాదు. ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లకు మాత్రం ఆంప్లిఫయర్ ధ్వని వినిపించకుండా వాయించమంటే చేతులు కట్టేసినట్టే, ఎందుకంటే డిస్టార్షన్‌లో (కావాలని చిట్లించిన ధ్వనిలో) తీగ ఎంతసేపు మోగుతుందన్న దాన్ని బట్టే వాళ్లు మీటుతారు. అయినా ఆడాసిటీని నా కంప్యూటర్ నుంచి తీసేయలేదు. చర్చిలో రికార్డు చేసిన ప్రసంగాలను కోయడానికి, గొంతు వెనక రొద తగ్గించడానికి ఇప్పటికీ అదే వాడతాను.

తరవాత బ్యాండ్‌ల్యాబ్. ఇది బ్రౌజర్‌లోనూ ఫోన్‌లోనూ నడుస్తుంది, ఉచితం. కొత్త ట్రాక్ తీసేటప్పుడే గొంతా, గిటారా అని అడుగుతుంది. గిటార్ అనగానే శ్రుతి చేసుకునే ట్యూనర్, ఆంప్లిఫయర్ ధ్వనులు ముందుకు వస్తాయి. రికార్డు చేసినదంతా వాళ్ల సర్వర్‌లో దాచిపెడుతుంది. మా పనికి ఇది ఎంత ఉపయోగమో ఆ పాటతోనే తెలిసింది. హైదరాబాదులో ఉన్న మా ఆల్టో (స్త్రీల కింది స్థాయి గొంతు) గాయని అదే ప్రాజెక్టును తన ఫోన్‌లో తెరిచి, నా గిటార్ వింటూ తన గొంతు చేర్చింది. "అన్నయ్యా, చరణం శ్రుతి ఎక్కువైంది, కేపో ఒక మెట్టు కిందికి దించండి" అని కబురు పెట్టింది. తీగలను అదిమిపట్టే బిగింపైన ఆ కేపోను రెండో ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) నుంచి మొదటిదానికి మార్చి మళ్లీ వాయించాను. పండుగకు చాలా ముందే ఆ సంగతి తేలడం ఎంత మేలు చేసిందో చెప్పలేను.

అయితే అంతా ఇంటర్నెట్ మీద ఆధారపడింది. మా వీధిలో సాయంత్రం పూట నెట్ మందగిస్తుంది. బ్రౌజర్ గుండా శబ్దం వచ్చి వెళ్లడంలో నా లాప్‌టాప్ మీద ఆలస్యం వేలికి తెలుస్తూనే ఉంది. ఇంటర్‌ఫేస్ మీది డైరెక్ట్ మానిటర్ నొక్కితే గిటార్ శబ్దం కంప్యూటర్‌లోకి పోకముందే హెడ్‌ఫోన్‌కు వచ్చేస్తుంది కాబట్టి పని జరిగింది. ఆంప్లిఫయర్ ధ్వనితో వాయించాలంటే మాత్రం ఆ ఉపాయం కుదరదు. ఇంటర్‌ఫేస్ కూడా కొనకుండా, ఫోన్‌తోనే మొదలుపెట్టాలనుకునే విద్యార్థికి నేను మొదట చెప్పే పేరు ఇదే.

గ్యారేజ్‌బ్యాండ్‌ను మా అన్నయ్య కూతురి ఐప్యాడ్ మీద చూశాను. "బాబాయ్, గిటార్ బొమ్మ మీద నొక్కండి, అంతే" అంది. నిజంగా అంతే. 2004లో వచ్చిన దీన్ని యాపిల్ ఇప్పుడు తన యంత్రాలకు ఉచితంగా ఇస్తోంది. ఆంప్లిఫయర్లు, కాలితో నొక్కే పెడల్ పెట్టెలు బొమ్మలుగా కనిపిస్తాయి. వాటి మీటలు వేలితో తిప్పితే ధ్వని మారుతుంది. రికార్డుకు ముందు నాలుగు దెబ్బలు లెక్కపెట్టి మొదలవుతుంది. డ్రమ్మర్ అనే ట్రాక్ పెడితే మన నడకకు తగ్గట్టు తనే డ్రమ్స్ వాయిస్తుంది. మాక్ కంప్యూటరో, ఐఫోనో, ఐప్యాడో ఇంట్లో ఉన్నవాళ్లు ఇంకేమీ వెతకనక్కర్లేదు. నేను చూసినవాటిలో కొత్తవాళ్ల కోసమే ఆలోచించి చేసినట్టు ఉన్నది అదొక్కటే. నాది విండోస్ లాప్‌టాప్, గ్యారేజ్‌బ్యాండ్ విండోస్ మీద లేదు. దాని కోసం కొత్త కంప్యూటర్ కొనడం సమంజసం కాదు.

కేక్‌వాక్ కథ తెలుసుకోవలసినది. 1980లలో మొదలైన పేరు అది. దాని పెద్ద సాఫ్ట్‌వేర్ సోనార్ ఒకప్పుడు బాగా ఖరీదు. దాన్ని కొన్న గిబ్సన్ అనే గిటార్ కంపెనీ 2017లో ఆ పని ఆపేసింది. 2018లో సింగపూర్‌కు చెందిన బ్యాండ్‌ల్యాబ్ దాన్ని తీసుకుని ఉచితంగా విడుదల చేసింది. ఆ తరవాత మళ్లీ కొత్త సోనార్ వచ్చింది. సదుపాయాల్లో దానికి వంక పెట్టలేము, పెద్ద స్టూడియోలో ఉండేవన్నీ ఉన్నాయి. నా 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్ తెర మీద మాత్రం ఆ మీటలన్నీ కిక్కిరిసి, పాట కోసం వెతుక్కోవలసి వచ్చింది. ఈ కథ వల్ల ఒక అలవాటు చేసుకున్నాను. పాట పూర్తి కాగానే ప్రతి ట్రాక్‌నూ మొదటి సెకను నుంచి చివరి దాకా విడి వేవ్ ఫైలుగా తీసి దాచిపెడతాను. ఏ కంపెనీ చేతులు మారినా, ఏ సాఫ్ట్‌వేర్ ఆగిపోయినా వేవ్ ఫైలు ఎక్కడైనా తెరుచుకుంటుంది. 24 బిట్లలో ఒక మోనో ట్రాక్ నిమిషానికి 8 మెగాబైట్లకు లోపే. మూడు ట్రాకుల పాట అయినా ఒక పెన్‌డ్రైవ్‌లో ఎన్నో పడతాయి.

వేవ్‌ఫార్మ్ ఉచిత వెర్షన్ బాగుంది, ట్రాకుల సంఖ్యకు పరిమితి లేదు, కానీ దాని తీరు మిగతావాటికి భిన్నం, నా చేతికి పట్టుబడలేదు. ఎఫ్‌ఎల్ స్టూడియోను మా స్కూల్లో పై తరగతి పిల్లలు ఎంతో ఇష్టంగా వాడతారు. బీట్లు కట్టేవాళ్లకు అది చక్కటి సాధనం. గిటార్ పట్టుకుని మొదలుపెట్టేవాళ్లకు దాని ఆలోచనా పద్ధతే వేరు. పైగా ట్రయల్ వెర్షన్‌లో దాచిన ప్రాజెక్టును కొనేదాకా మళ్లీ తెరవలేము. నాలాగా చరణాన్ని ఇవాళ కొంత, రేపు కొంత చేసేవాళ్లకు అది పెద్ద ఇబ్బంది.

రీపర్ దగ్గర చాలా రోజులు ఆగాను. ఇంటర్నెట్ సెంటర్ల కాలంలో పాటలు వినడానికి అందరం వాడిన విన్‌యాంప్ గుర్తుందా? దాన్ని రాసిన జస్టిన్ ఫ్రాంకెల్ పెట్టిన కాకోస్ కంపెనీదే రీపర్. డౌన్‌లోడ్ చాలా చిన్నది, నా పాత లాప్‌టాప్ మీద కూడా తటాలున తెరుచుకుంది. 60 రోజులు ఏ సదుపాయమూ తగ్గించకుండా వాడనిస్తారు. తరవాత ఇంట్లో వాడుకునే వ్యక్తికి లైసెన్సు 60 డాలర్లు, సంగీతం మీద పెద్ద ఆదాయం ఉన్నవాళ్లకు 225 డాలర్లు. రెండు లైసెన్సులకూ సాఫ్ట్‌వేర్ ఒకటే.

తెరవగానే బూడిద రంగు తెర, పైన చిన్న చిన్న బొమ్మలు, ఖాళీ. స్వాగతం పలికే గిటార్ బొమ్మ ఏదీ లేదు. 'కొత్తవాళ్లకు రీపర్ కష్టం' అనేవాళ్లు ఈ మొదటి తెర చూసే అంటారు. కానీ నా పాటకు కావలసింది కొద్దిపాటి పనులే. ముందు సెట్టింగులలో ఆడియో డివైస్ దగ్గర ఆసియో ఎంచుకుని, ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన డ్రైవర్‌ను చూపించాను. బఫర్ 128 పెట్టాను. ఎడమవైపు ఖాళీ జాగాలో రెండుసార్లు నొక్కితే ట్రాక్ వచ్చింది. దాని మీది ఎర్ర గుండ్రం నొక్కి, ఇన్‌పుట్ మోనో, ఒకటి అని ఎంచుకున్నాను. కంట్రోల్, ఆర్ కలిపి నొక్కితే రికార్డింగ్ మొదలు, స్పేస్ నొక్కితే ఆగుతుంది. ఆగగానే దాచాలా, తీసేయాలా అని అడుగుతుంది.

తీగ మీటగానే హెడ్‌ఫోన్‌లో వినిపించింది. కంప్యూటర్ గుండా వెళ్లి వచ్చిందన్న స్పృహే కలగలేదు. రెండో గిటార్ రికార్డు చేసి, ఆడాసిటీలో చేసిన కేబుల్ పరీక్షనే ఇక్కడా చేశాను. ఆసియో డ్రైవర్ తన ఆలస్యం ఎంతో చెబుతుంది. రీపర్ దాన్ని లెక్కలోకి తీసుకుని ట్రాక్‌ను దాని చోట పెడుతుంది. గీతలు దాదాపు కలిసే ఉన్నాయి. నేను చేయవలసిందేమీ మిగలలేదు.

తాళం దెబ్బలు వినిపించే మెట్రోనోమ్ విషయంలో రీపర్ నా మనసు గెలిచింది. బొమ్మ మీద కుడివైపు మౌస్ నొక్కితే దాని సెట్టింగులు తెరుచుకుంటాయి. మొదలుపెట్టే ముందు ఎన్ని ఆవర్తాలు (తాళం చుట్లు) లెక్కపెట్టాలో చెప్పవచ్చు. బలమైన దెబ్బ ఎక్కడ, తేలిక దెబ్బ ఎక్కడ అన్నది వరుసగా రాసుకోవచ్చు. ఆరు దెబ్బల ఆవర్తంలో మొదటిదీ నాలుగోదీ బలంగా పెడితే తకిట, తకిట అని చెవికి నిండుగా వినిపిస్తుంది. మన పాటల్లో ఖండ నడకలూ వస్తాయి, అయిదు దెబ్బల ఆవర్తమూ అలాగే పెట్టుకోవచ్చు. నాలుగు దెబ్బలే లోకం అనుకునే మెట్రోనోమ్‌తో మన పాట కట్టాలంటే ఎంత విసుగో వాయించేవాళ్లకు తెలుసు.

ఇక చరణం మూడో వరుస. తెర పైన ఆ వరుస ఉన్నంత మేర మౌస్‌తో గీసి, రికార్డింగ్ ఆ హద్దులోనే జరగాలని ఎంచుకున్నాను. రెండు ఆవర్తాల ముందు నుంచి పాట మొదలైంది, నేను దానితో పాటే వాయిస్తూ వచ్చాను, హద్దు దాటగానే ఎర్ర గుర్తు వెలిగి ఆ వరుస మాత్రమే రికార్డయింది, అది ముగియగానే ఆగింది. చేయి నడక మీద ఉండగానే వరుస మారిపోతుంది కాబట్టి అతుకు తెలియదు. పాతది ఎక్కడికీ పోదు. రెండింటినీ వినిపించుకుని బాగున్నది ఉంచుకోవచ్చు. నాకు ఇది చాలా పెద్ద విషయం. పల్లవి అందంగా వచ్చినప్పుడు చరణంలో ఒక తీగ గరగరలాడిందని మొత్తం పాట మళ్లీ వాయించడం ఎంత నిరుత్సాహమో ఫోన్‌తో రికార్డు చేసిన ప్రతివాళ్లకూ తెలుసు.

మొదటి తెర ఖాళీగా ఉండటం గురించి ఇప్పుడు నా అభిప్రాయం వేరు. రెండు గిటార్లకు రెండు ట్రాకులు, గొంతుకు ఒకటి, వాటి ఇన్‌పుట్లు, మెట్రోనోమ్ అమరిక అన్నీ ఒకసారి పెట్టుకుని ప్రాజెక్ట్ టెంప్లేట్‌గా దాచాను. కొత్త పాట మొదలుపెట్టేటప్పుడు అదే తెరుచుకుంటుంది. గిటార్ ఒళ్లో పెట్టుకున్న నిమిషంలో వాయిస్తూ ఉంటాను. మొదటి రోజు అమరికకు కాస్త ఓపిక పట్టాలి, ఎవరైనా తెలిసినవాళ్లు పక్కనుంటే మరీ మంచిది. ఆ ఒక్క సాయంత్రం గడిచాక రీపర్ నాకు ఎక్కడా అడ్డు రాలేదు. కొత్తవాళ్లకు సులువు అనే మాటను మొదటి అయిదు నిమిషాలతో కొలవడం నాకు నచ్చదు. రెండో పాట దగ్గర, రెండో గిటార్ దగ్గర ఎలా ఉందో చూడాలి.

శబ్దం ఎంత పెద్దగా తీసుకోవాలన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఇది ఒకటే. 24 బిట్లలో రికార్డు చేస్తే గట్టిగా వాయించినప్పుడు మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు. ఎర్రగీత దాకా నెట్టవలసిన అవసరం లేదు. సున్నా దాటితే శబ్దం చిట్లుతుంది, దాన్ని తరవాత ఏ మంత్రంతోనూ సరిచేయలేము. మీ గిటార్‌లో ప్రీఆంప్ ఉంటే బ్యాటరీ కొత్తగా ఉండాలి. నీరసించిన బ్యాటరీతో తీగలు గట్టిగా మీటినప్పుడు వచ్చే చీలిన శబ్దానికి చాలామంది సాఫ్ట్‌వేర్‌ను తిడతారు.

గొంతునూ, కొన్నిసార్లు గిటార్‌నూ మైకుతో తీసుకుంటాను. పికప్ కన్నా మైకులో చెక్క ధ్వని బాగా వస్తుంది. మైకును గిటార్ మధ్యలో ఉన్న రంధ్రానికి ఎదురుగా పెడితే మంద్ర శబ్దం గుమ్ముమంటుంది. మెడ, పెట్టె కలిసే చోటికి కొంచెం ఇవతల, పన్నెండో ఫ్రెట్ వైపు చూసేలా ఒక జానెడు దూరంలో పెడితే తీగ మోత, చెక్క మోత రెండూ సమంగా అందుతాయి. ఫ్యాన్ ఆపాలి. మే నెలలో గుంటూరులో ఫ్యాన్ ఆపి వాయించడం అంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అందుకే వేసవిలో తెల్లవారుజామునే కూర్చుంటాను. అప్పుడు వీధిలో హారన్లూ ఉండవు.

ఒక సన్నటి 'హుం' శబ్దం చాలా చోట్ల వెంటాడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, ఆ మోత గిటార్ కేబుల్‌లోకి చేరుతుంది. లాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపితే తగ్గిందంటే దోషం ఎర్తింగ్ దారిలో ఉన్నట్టు. కుర్చీ తిప్పి కూర్చుంటే తగ్గిందంటే పికప్ దగ్గరలోని లైటో, మానిటరో కారణం. సాఫ్ట్‌వేర్‌లో రొద తీసే ఎఫెక్ట్‌లు ఉన్నాయి గానీ వాటితో గిటార్ ప్రాణం కొంత పోతుంది. రాకముందే ఆపడం మేలు.

మా బృందంలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించే అబ్బాయి ఒకడున్నాడు. వాడి దగ్గర ఆంప్లిఫయర్ లేదు. రీపర్‌లో ట్రాక్ మీద న్యూరల్ ఆంప్ మోడలర్ అనే ఉచిత ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్) పెట్టి, గిటార్ ఇంటర్‌ఫేస్‌కు తగిలించాను. నిజమైన ఆంప్లిఫయర్ల స్వభావాన్ని నేర్చుకున్న నమూనాలను అందులో వేసుకోవచ్చు. దానికి స్పీకర్ పెట్టె ధ్వని కూడా జతచేయాలి, లేకపోతే తేనెటీగల రొదలా వస్తుంది. ఆ రెండూ కుదిరాక వాడు ఒక కార్డు వాయించి, అది మోగి ఆరిపోయేదాకా తల ఎత్తలేదు. "సార్, ఇది మా ఇంట్లో కూడా పెట్టి ఇవ్వగలరా?" అని అడిగాడు. ఆ వారమే వాళ్లింటికి వెళ్లి పెట్టి ఇచ్చాను. ఆసియో డ్రైవర్, బఫర్ 128, టెంప్లేట్. కుర్రవాడి చేతికి ఇంకో గంటలో అలవాటైపోయింది.

60 రోజుల గడువు ముగిశాక డబ్బు కట్టి లైసెన్సు తీసుకున్నాను. కట్టకపోయినా సాఫ్ట్‌వేర్ ఆగదు, తెరిచిన ప్రతిసారీ గుర్తుచేస్తుంది, అంతే. కానీ అంత నమ్మి ఇచ్చినవాళ్లకు కట్టడం న్యాయం. ఒక లైసెన్సు తరవాత వచ్చే పెద్ద వెర్షన్‌కు కూడా పనికొస్తుంది.

ఇప్పుడు పని ఇలా సాగుతోంది. గిటార్లు రెండూ, దారి చూపే గొంతూ రీపర్‌లో రికార్డు చేస్తాను. పాడేవాళ్లకు రెండు ఎంపీ3 ఫైళ్లు పంపుతాను. ఒకదానిలో గొంతు బాగా వినిపిస్తుంది, వరస నేర్చుకోవడానికి. రెండోదానిలో గిటార్లు మాత్రమే, వాళ్లు దాని మీద పాడి చూసుకోవడానికి. దూరాన ఉన్నవాళ్ల గొంతు వినాల్సి వస్తే గిటార్ ట్రాక్‌ను బ్యాండ్‌ల్యాబ్‌లోకి ఎక్కిస్తాను, వాళ్లు ఫోన్‌లో పాడి చేరుస్తారు. ఈ డిసెంబరు పాటలో వంతెనలాంటి చిన్న భాగం ఒకటి ఉంది, ఆరు దెబ్బల నుంచి నాలుగుకు మారుతుంది. ఆ చోట రీపర్‌లో ఒక గుర్తు పెట్టి తాళం మార్చాను. ఇద్దరు టెనర్లు (పురుషుల పై స్థాయి గొంతువాళ్లు) అప్పుడే సరిగ్గా పాడి పంపారు, ఆల్టోల నుంచి ఇంకా రావాలి.